గడ్డ ఏమిటో తేల్చి చెప్పే చోటు: కర్నూలులోని ఒక రొమ్ము క్లినిక్‌పై సమీక్ష

రొమ్ములో గడ్డ చేతికి తగిలిన స్త్రీ ఆసుపత్రికి వెళ్లేది ఒక్క ప్రశ్నకు జవాబు కోసం: ఇది క్యాన్సరా, కాదా? కర్నూలు నగరంలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నడుస్తున్న రొమ్ము క్లినిక్‌కు నా ఆడబిడ్డను తీసుకువెళ్లి, ఆ జవాబు చేతికి అందేవరకు దగ్గరుండి చూసిన తరువాత ఈ సమీక్ష రాస్తున్నాను. అక్కడ మెచ్చుకోవలసినవి చాలా ఉన్నాయి, తప్పుపట్టవలసినవీ ఉన్నాయి కనుక ఆసుపత్రి పేరు రాయడం లేదు. ఆలూరు, ఆదోని, పత్తికొండ వైపు నుంచి, తుంగభద్ర అవతల అలంపురం, గద్వాల వైపు నుంచి కర్నూలుకు వచ్చే స్త్రీలు ఏ ఆసుపత్రి మెట్లెక్కినా, అక్కడ తమకు అందుతున్న పరీక్ష సరైనదో కాదో తెలుసుకోవడానికి ఇది పనికిరావాలన్నదే నా కోరిక.

నా ఆడబిడ్డకు నలభై నాలుగేళ్లు. ఆలూరు దగ్గరి పల్లెలో ఉంటుంది. ఎడమ రొమ్ము వెలుపలి వైపున గట్టి గడ్డ తగులుతున్నా, నొప్పి లేదు కనుక చాలాకాలం ఎవరికీ చెప్పలేదు. చెప్పిన తరువాత కూడా, పాలు పిండేటప్పుడు ఆవు కొమ్ము తగిలిన చోటే కదా, రక్తం గడ్డకట్టి ఉంటుందని ఇంట్లో పెద్దవాళ్లు తేల్చేశారు. దగ్గరి పట్టణంలో ఒకచోట చూపిస్తే, వైద్యులు చేత్తో పరీక్షించకుండానే ఒక స్కానింగు రాసి, ప్రమాదం లేని గడ్డ అని చెప్పి, విటమిన్ మాత్రలిచ్చి పంపారు. నేను కర్నూలుకు రమ్మన్నప్పుడు, "నొప్పే ల్యాకపాయె, మళ్లీ ఆసుపత్రి ఎందుకు వదినా?" అని అడిగింది. మన పల్లెల్లో నూటికి తొంభైమంది అడిగే ప్రశ్న ఇదే. నిజానికి రొమ్ము క్యాన్సరు గడ్డ తొలి దశలో చాలాసార్లు నొప్పి పెట్టదు. గడ్డేమీ లేకుండా, నెలసరికి ముందు రెండు రొమ్ములూ బరువెక్కి సలపడం సాధారణంగా హార్మోన్ల మార్పు వల్ల వచ్చేది, దానివెనుక క్యాన్సరు ఉండటం చాలా అరుదు. నొప్పి లేదన్న ధైర్యంతో నెలలు గడిపేయడం కంటే ప్రమాదకరమైన ఓదార్పు మరొకటి లేదని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ఈ క్లినిక్‌లో నాకు మొట్టమొదట నచ్చింది, వైద్యుడి దగ్గరికి పంపేముందు ఒక నర్సు తలుపు ఉన్న గదిలో కూర్చోబెట్టి వివరాలన్నీ రాసుకోవడం. వయసు, చివరి నెలసరి ఎప్పుడు వచ్చింది, ఎందరు పిల్లలు, పాలు ఎంతకాలం ఇచ్చింది, గడ్డను మొదట ఎప్పుడు గమనించింది, నెలసరితోపాటు అది పెరిగి తగ్గుతున్నదా, చనుమొన నుంచి ఏదైనా కారుతున్నదా, హార్మోను మాత్రలు వాడుతున్నదా, దెబ్బ తగిలిందా అని ఓపికగా అడిగింది. కుటుంబంలో ఎవరికైనా రొమ్ము క్యాన్సరు గానీ అండాశయ క్యాన్సరు గానీ వచ్చిందా అన్నప్పుడు తల్లివైపు సంగతి మాత్రమే చెబితే ఆపి, తండ్రివైపు కూడా చెప్పమంది. అది చాలా సరైన ప్రశ్న, ఎందుకంటే బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2 వంటి జన్యువుల్లోని లోపం తండ్రి నుంచి కూడా కూతురికి వస్తుంది. అయితే వంశపారంపర్యంగా వచ్చేవి మొత్తం రొమ్ము క్యాన్సర్లలో 5 నుంచి 10 శాతమే. మా వంశంలో ఎవరికీ లేదు కనుక మాకు రాదు అనుకోవడానికి ఆధారమేమీ లేదు. అదే నర్సు పక్కన కూర్చున్న ఒక ముస్లిం పెద్దావిడతో ఉర్దూలో, బళ్లారి వైపు నుంచి వచ్చిన మరొకావిడతో కన్నడంలో మాట్లాడుతుంటే, ఈ జిల్లాలో ఇటువంటి సేవ నడపడానికి ఏమి కావాలో తెలిసినవాళ్లే దీన్ని నడుపుతున్నారనిపించింది.

సర్జన్ పురుషుడు. పరీక్ష జరిగినంతసేపూ ఆ నర్సు గదిలోనే ఉంది, నన్నూ ఉండనిచ్చారు. పురుష వైద్యుడు పరీక్షిస్తున్నప్పుడు స్త్రీ సహాయకురాలు పక్కన ఉండాలని కోరడం రోగి హక్కు. ఆ మాట అడగడానికి మొహమాటపడవలసిన పనిలేదు. ఆయన మొదట కూర్చోబెట్టి, చేతులు పైకెత్తించి, తరువాత నడుముమీద పెట్టి గట్టిగా నొక్కమని చెప్పి, చర్మం ఎక్కడైనా లోపలికి లాగినట్టు అవుతుందేమో చూశారు. తరువాత పడుకోబెట్టి, ముందు బాగున్న రొమ్మును, ఆపైన గడ్డ ఉన్న రొమ్మును, రెండు చంకలను, మెడ కింది ఎముక పైభాగాన్ని వేళ్లతో నిదానంగా తడిమి చూశారు. గడ్డ కదులుతున్నదా, కింది కండరానికో పై చర్మానికో అతుక్కుని ఉన్నదా, అంచులు నున్నగా ఉన్నాయా, గరుకుగా ఉన్నాయా అని తాను చూస్తున్నది ఏమిటో పైకి చెబుతూ చూశారు. అలా చెప్పడం వల్ల ఆమె భయం సగం తగ్గింది. మొదట వెళ్లిన చోట ఎవరూ చెయ్యి వేసి చూడలేదన్న సంగతి విని ఆయన ఆ వైద్యులను నిందించలేదు. చేతి పరీక్ష లేని స్కానింగు సగం పరీక్షే అని మాత్రం అన్నారు.

ఆవు కొమ్ము సంగతి ఆయన శ్రద్ధగా విన్నారు. దెబ్బ తగిలిన చోట రొమ్ములోని కొవ్వు దెబ్బతిని గట్టిపడి గడ్డలా మారడం నిజంగా ఉన్నదేనని, అది చేతికీ స్కానింగుకూ అచ్చం క్యాన్సరులాగే కనిపించగలదని చెప్పారు. దాని వెంటనే మరో మాట చెప్పారు. అప్పటికే లోపల ఉన్న గడ్డ దెబ్బ తగిలి అక్కడ తడుముకున్నప్పుడు మొదటిసారి బయటపడటం కూడా తరచుగా జరుగుతుందని, అందువల్ల దెబ్బ కథను నమ్మి పరీక్ష మానేయకూడదని అన్నారు. పల్లెలో పెద్దలు చెప్పిన కారణాన్ని కొట్టిపారేయకుండా, దానిమీదే ఆధారపడకుండా ఒక వైద్యుడు మాట్లాడటం నేను చాలా అరుదుగా చూశాను.

రొమ్ములో వచ్చే గడ్డల్లో ఎక్కువ భాగం క్యాన్సరు కాదు. ఈ విషయాన్ని క్లినిక్ వాళ్లు గోడమీద రాసి పెట్టలేదు గానీ, రాసి పెట్టదగిన విషయం. పదిహేను, ముప్పై అయిదేళ్ల మధ్య వయసు ఆడపిల్లల్లో ఎక్కువగా కనిపించేది ఫైబ్రోఅడినోమా. అది నున్నగా, రబ్బరులా ఉండి, వేలితో తాకితే పక్కకు జారిపోతుంది. ముప్పై అయిదు దాటిన తరువాత, ముట్లు ఉడిగే వరకు నీటితిత్తులు ఎక్కువ, అవి ఒక్కోసారి ఉన్నట్టుండి పెరిగి నొప్పి పెడతాయి, సూదితో నీరు తీసేస్తే చాలావరకు అణిగిపోతాయి. బిడ్డకు పాలిచ్చే తల్లికి పాలు గడ్డకట్టి, రొమ్ము ఎర్రబడి, జ్వరం రావడం మనందరికీ తెలిసినదే. ఆ సమయంలో పాలివ్వడం ఆపకుండా, వైద్యుడు రాసిన మందులు వాడితే తగ్గుతుంది. మందులు వాడినా ఎరుపు తగ్గకపోతే, లేదా పాలివ్వని స్త్రీకి రొమ్ము అలా ఎర్రబడి వాచితే, దాన్ని మామూలు వాపుగా తీసుకోకూడదు. రొమ్ములో గడ్డ రూపంలో కనిపించే క్షయ కూడా మన దేశంలో ఉంది, అది గడ్డలోంచి చిన్న ముక్క తీసి చూసే బయాప్సీలో, అంటే ముక్క పరీక్షలోనే బయటపడుతుంది. ఇవన్నీ చెప్పి కూడా సర్జన్ ఆగిపోలేదు. ఈ తేడాలు పుస్తకంలో ఉన్నంత స్పష్టంగా మనిషి ఒంట్లో ఉండవని, నున్నగా కదిలే గడ్డ కూడా కొన్నిసార్లు క్యాన్సరు కావచ్చునని, చేతి స్పర్శతో ఎవరూ ఖాయంగా చెప్పలేరని ఒప్పుకున్నారు. నేను ఆ క్లినిక్‌ను నమ్మింది ఆ మాటతోనే.

స్కానింగు, మామోగ్రామ్ రెండూ అదే భవనంలో, అదే రోజు చేశారు. బస్సు దొరకని పల్లె నుంచి వచ్చేవాళ్లకు ఇది చిన్న సౌకర్యం కాదు. వయసును బట్టి పరీక్ష ఎలా మారుతుందో టెక్నీషియన్ అమ్మాయి వివరించింది. చిన్న వయసులో రొమ్ము కణజాలం దట్టంగా ఉండి మామోగ్రామ్‌లో గడ్డ సరిగా కనిపించదు కనుక ముప్పై లోపు వాళ్లకు సాధారణంగా అల్ట్రాసౌండ్‌తో మొదలుపెడతారు. నలభై దాటినవాళ్లకు మామోగ్రామ్, అల్ట్రాసౌండ్ రెండూ చేస్తారు. మామోగ్రామ్ అంటే తక్కువ మోతాదు ఎక్స్‌రే. రొమ్మును రెండు పలకల మధ్య కొద్ది సెకన్లపాటు గట్టిగా నొక్కి ఉంచుతారు. కొంచెం నొప్పిగానే ఉంటుంది, నొప్పి ఉండదని అబద్ధం చెప్పి తీసుకువెళ్లకూడదు. ఆ రోజు చంకల్లో పౌడరు గానీ, సెంటు గానీ వేసుకోకూడదని, వాటిలోని రేణువులు ఫిల్ములో చుక్కల్లా కనిపించి తికమకపెడతాయని మాకు ముందురోజే ఫోన్‌లో చెప్పారు. ఇంకా నెలసరి వస్తున్నవాళ్లయితే అది ముగిసిన తరువాతి వారంలో వస్తే నొప్పి తక్కువగా ఉంటుందనీ చెప్పారు. ఇలా ముందుగా చెప్పే అలవాటు అన్ని చోట్లా ఉండాలి.

ఒక విషయాన్ని ఇక్కడ నొక్కి చెప్పాలి. మామోగ్రామ్ ప్రతి క్యాన్సరునూ పట్టుకోదు. పదింటిలో ఒకటి రెండు తప్పిపోతాయి. అందువల్ల చేతికి గడ్డ స్పష్టంగా తగులుతున్నప్పుడు మామోగ్రామ్ మామూలుగా ఉందన్న కాగితం చూసుకుని ఇంటికి వెళ్లిపోకూడదు. చేతి పరీక్ష, స్కానింగు, సూదితో తీసిన ముక్క పరీక్ష అనే మూడింటినీ కలిపి చూసి నిర్ణయించడాన్నే వైద్యులు ట్రిపుల్ అసెస్‌మెంట్ అంటారు. రొమ్ము గడ్డలను చూస్తామని చెప్పుకునే ఏ చోటికైనా నేను పెట్టే మొదటి పరీక్ష ఇదే. ఈ క్లినిక్ అందులో నెగ్గింది.

తడబడింది రిపోర్టు చేతికిచ్చే పద్ధతిలో. మామోగ్రామ్ రిపోర్టును వైద్యుడి గదిలో ఇవ్వకుండా, బిల్లు కట్టే కౌంటరు దగ్గర కవరులో పెట్టి ఇచ్చారు. అందులో బై-రాడ్స్ 4 అని ఉంది. సర్జన్ ఆపరేషను థియేటరులో ఉన్నారు. ఆయన వచ్చేవరకు ఆ సంఖ్యకు అర్థం చెప్పేవారు లేరు. నా ఆడబిడ్డ కొడుకు ఫోన్‌లో వెతికి, నాలుగో దశ క్యాన్సరు అనుకుని కుప్పకూలిపోయాడు. బై-రాడ్స్ సంఖ్యకూ, క్యాన్సరు దశకూ ఏ సంబంధమూ లేదు. ఫిల్ము చూసిన రేడియాలజిస్టుకు ఎంత అనుమానం ఉందో తెలిపే సంఖ్య అది. 1 అంటే ఏమీ లేదు, 2 అంటే ప్రమాదం లేనిదే కనిపించింది, 3 అంటే క్యాన్సరు అయ్యే అవకాశం 2 శాతానికి మించదు, కొన్ని నెలల తరువాత మళ్లీ చూడాలి. 4 అంటే అనుమానం ఉంది, ముక్క తీసి చూడాలి. ఈ ఒక్క తరగతిలోనే అవకాశం 2 శాతం నుంచి 95 శాతం దాకా ఉంటుంది కనుక చాలాచోట్ల దాన్ని మళ్లీ 4ఏ, 4బీ, 4సీ అని విడదీస్తారు. 5 అంటే క్యాన్సరేనన్న గట్టి అనుమానం. ఇంకా పరీక్ష పూర్తి కాలేదని చెప్పడానికి 0 వేస్తారు. ఇంత సంగతి ఉన్న కాగితాన్ని వివరణ లేకుండా, ఒక్క తెలుగు ముక్క లేకుండా రోగి చేతిలో పెట్టడం క్రూరమని నేను ఆసుపత్రి యాజమాన్యానికి రాసి ఇచ్చాను. సర్జన్ రావడానికి సమయం పడుతుందనుకుంటే రిపోర్టును అప్పటివరకు అట్టిపెట్టవచ్చు, లేదా ఆ నర్సుకే రెండు మాటలు చెప్పే శిక్షణ ఇవ్వవచ్చు.

ముక్క తీయడం గురించి ఇంటిదగ్గర ఉన్న భయం అంతా ఇంతా కాదు. సూది గుచ్చితే క్యాన్సరు ఒళ్లంతా పాకుతుందని ఊళ్లో ప్రతి ఒక్కరూ చెప్పారు. అది నిజం కాదు. బయాప్సీ వల్ల క్యాన్సరు వ్యాపించి ప్రాణానికి ముప్పు వస్తుందనడానికి ఆధారం లేదు, ముక్క పరీక్ష లేకుండా సరైన చికిత్సను నిర్ణయించడమే సాధ్యం కాదు. సన్నని సూదితో కణాలను పీల్చే ఎఫ్‌ఎన్‌ఏసీ చవక, త్వరగా అవుతుంది. కానీ విడి కణాలే దొరుకుతాయి. లావు సూదితో కణజాలపు సన్నని ముక్కలు తీసే కోర్ బయాప్సీలో గడ్డ నిర్మాణం తెలుస్తుంది, క్యాన్సరే అయితే ఏ మందులకు లొంగుతుందో చెప్పే ఈఆర్, పీఆర్, హెర్2 పరీక్షలూ అదే ముక్కమీద చేయవచ్చు. ఇక్కడ కోర్ బయాప్సీయే చేశారు. గడ్డ ఉన్న చోట మాత్రమే మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, స్కానింగు తెరమీద సూది ఎక్కడుందో చూసుకుంటూ, పరికరం టక్కుమన్నప్పుడల్లా ముందుగా హెచ్చరిస్తూ తీశారు. కుట్లు పడలేదు. కాసేపు గట్టిగా నొక్కి పట్టి, కట్టు కట్టి, అదే రోజు పంపించారు. తరువాత కొంచెం కమిలింది, అది తగ్గిపోతుందని కూడా ముందే చెప్పారు.

అయితే చెడిపోకుండా ఫార్మలిన్ ద్రవం ఉన్న సీసాలో వేసిన ఆ ముక్కలను ల్యాబుకు తీసుకువెళ్లే పని మా చేతుల్లోనే పెట్టారు. ఇది కర్నూలులోనే కాదు, అనంతపురంలోనూ కడపలోనూ చాలాచోట్ల ఉన్న అలవాటు. సీసామీద పేరు, వయసు, ఎడమా కుడా అన్నది సరిగా రాసి ఉందో లేదో మేమే చూసుకున్నాం. ఒక మనిషి భవిష్యత్తును నిర్ణయించే నమూనాను ఆటోలో చేత పట్టుకుని బంధువులు తిప్పడం ఏ లెక్కన చూసినా సరికాదు, రుసుము తీసుకునే ఆసుపత్రి ఆ బాధ్యతను తానే మోయాలి.

ఫలితం వచ్చిన రోజు సర్జన్ చేసిన పని ఈ సమీక్షలో అన్నిటికంటే ఎక్కువ మార్కులు పడవలసినది. ముక్క పరీక్షలో క్యాన్సరు లేదు, దెబ్బతిన్న కొవ్వు మాత్రమే ఉందని ల్యాబులో ముక్కను చూసిన వైద్యుడు (పాథాలజిస్టు) రాశారు. అది చదివి సంతోషంగా మమ్మల్ని పంపేయవచ్చు. ఆయన రేడియాలజిస్టును పిలిపించి, ఫిల్ములో కనిపించిన అనుమానానికి ఈ జవాబు సరిపోతుందా, సూది సరిగ్గా ఆ గడ్డలోకే వెళ్లిందా అని మా ముందే అడిగారు. స్కానింగు చిత్రాల్లో సూది మొన గడ్డ లోపల ఉండటం చూపించి, దెబ్బ తగిలిన వివరానికి, చేతికి తగిలిన గట్టిదనానికి, ఫిల్ముకు, ముక్కకు పొంతన కుదిరిందని తేల్చుకున్న తరువాతే ఇది క్యాన్సరు కాదని చెప్పారు. పొంతన కుదరకపోతే మళ్లీ ముక్క తీయవలసి వచ్చేదని కూడా దాచకుండా చెప్పారు. బయాప్సీలో ఏమీ లేదని తేలిన ప్రతి స్త్రీ తన వైద్యుణ్ణి అడగవలసిన ప్రశ్న ఇదే: స్కానింగులో కనిపించినదానికి ఈ ఫలితం సరిపోతున్నదా?

ఖర్చు విషయంలో ఆసుపత్రి నిజాయితీగానే ఉంది. ఏ పరీక్షకు ఎంతో ముందే రాసి ఇచ్చారు, అడగని పరీక్షలు రాయలేదు. అయినా కూలి చేసుకునే కుటుంబానికి అది భారమే. అటువంటివారు ప్రైవేటు గడప తొక్కవలసిన అవసరం లేదు. కర్నూలు ప్రభుత్వ సర్వజన వైద్యశాలలో, కడప రిమ్స్‌లో, అనంతపురం ప్రభుత్వ వైద్యశాలలో సర్జరీ ఓపీకి చీటీ రాయించుకుని రొమ్ములో గడ్డ అని చెబితే చాలు, పరీక్ష అక్కడినుంచే మొదలవుతుంది. ముప్పై ఏళ్లు దాటిన స్త్రీలకు అయిదేళ్లకోసారి శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు రొమ్ము పరీక్ష చేయాలన్నది జాతీయ కార్యక్రమంలో ఉన్న నియమం. పల్లెలో ఆశా కార్యకర్తను, ఏఎన్ఎంను అడిగి చేయించుకోవచ్చు. ఆ చేతి పరీక్షను చిన్నచూపు చూడకూడదు. ముంబయిలో టాటా మెమోరియల్ ఆసుపత్రి వారు 1998లో మొదలుపెట్టి ఇరవై ఏళ్లు నడిపిన అధ్యయనంలో, ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకోసారి చేత్తో పరీక్షించిన స్త్రీలలో క్యాన్సరు ముందు దశలోనే బయటపడింది, యాభై దాటినవారిలో మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి.

ఇటువంటి క్లినిక్‌కు ఎవరు, ఎప్పుడు వెళ్లాలన్నది చాలామంది నన్ను అడిగారు. ఇంకా నెలసరి వస్తున్న చిన్న వయసు స్త్రీకి మెత్తగా, గుర్తుపట్టలేనట్టు ఏదో తగిలితే ఒక నెలసరి గడిచేవరకు చూడవచ్చు. తరువాత కూడా ఉంటే చూపించుకోవాలి. ముట్లు ఉడిగిన తరువాత వచ్చిన ఏ కొత్త గడ్డకైనా ఎదురుచూడటం అనేదే లేదు. గడ్డ గట్టిగా, కదలకుండా ఉన్నా, చర్మం లోపలికి గుంటపడినా, నారింజ తొక్కలా దళసరిగా మారినా, మునుపు బాగున్న చనుమొన లోపలికి ముడుచుకుపోయినా, ఒకవైపు చనుమొన నుంచే దానంతటదే రక్తం లాంటిది కారినా, చనుమొనమీద గజ్జిలాంటి పుండు పూతమందుకు మానకపోయినా, చంకలో గడ్డ తగిలినా ఆ వారంలోనే వెళ్లాలి. గర్భిణి అయినా, పాలిచ్చే తల్లి అయినా ఇదే వర్తిస్తుంది, పాలగడ్డే అని ఎవరికి వారు నిర్ణయించుకోకూడదు. రొమ్ము క్యాన్సర్లలో దాదాపు 1 శాతం మగవారికే వస్తాయి, వారికి గడ్డ కనిపిస్తే సిగ్గుపడి దాచుకోవడం ఇంకా ఎక్కువ. 2022 అంచనాల ప్రకారం మన దేశంలో ఆ ఒక్క ఏడాదిలో దాదాపు 1,92,000 మంది స్త్రీలకు రొమ్ము క్యాన్సరు బయటపడింది, 98,000 మంది చనిపోయారు. మనవద్ద మరణాల నిష్పత్తి ఇంత ఎక్కువగా ఉండటానికి ఆలస్యంగా రావడం ఒక పెద్ద కారణం. రోగి మొదటిసారి వచ్చిన 60 రోజుల్లోగా రోగ నిర్ధారణ పూర్తి కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన కొలతకు ఈ క్లినిక్ చాలా లోపలే నిలిచింది. మా ఆలస్యానికి కారణం ఇక్కడికి రాకముందు పల్లెలో పెట్టిన ఆకు పసరు, ఆపైన పట్టణంలో ఇచ్చిన విటమిన్ మాత్రలు.

లోపాలు మరికొన్ని ఉన్నాయి. సర్జన్ చూసే వేళలు సాయంత్రానికి పెట్టడం వల్ల దూరపు పల్లెలవాళ్లు చివరి బస్సు తప్పిపోతుందేమోనని కంగారుపడుతూ కూర్చుంటున్నారు. వాళ్లకు ఉదయం వేళ ఇవ్వవచ్చు. స్కానింగు ముందు బట్టలు మార్చుకునే చోట తెర సరిగా పడటం లేదు. అయినా, రొమ్ములో గడ్డతో భయపడుతున్న నా బంధువులను, నా సహోద్యోగులను నేను ఇక్కడికే పంపుతాను, కౌంటరు దగ్గర ఇచ్చే కవరును సర్జన్ ముందు తప్ప విప్పవద్దని చెప్పి పంపుతాను. నా ఆడబిడ్డను ఆరు నెలల తరువాత మళ్లీ స్కానింగుకు రమ్మన్నారు. పాత ఫిల్ములు, సీడీ, ముక్క పరీక్ష రిపోర్టు అసలు కాగితాలు తప్పక తీసుకురావాలని, వాటితో పోల్చకుండా కొత్త స్కానింగుకు పూర్తి అర్థం ఉండదని చెప్పి, తేదీని ఓపీ చీటీ వెనుక తెలుగులో రాసి ఇచ్చారు.